కాటేజీకి వంటిల్లుంటే సత్రమైపోదు

సంపాదకుడు గారికి,

మొన్నామధ్య మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్‌లోని స్కై దీవి మీద వ్యాసం వచ్చింది. ‘హోటల్ ఖర్చు దండగ. వంటిల్లున్న కాటేజీ తీసుకుంటే పదిమంది హాయిగా సర్దుకోవచ్చు’ అని అందులో సలహా. వెంటనే రాద్దామనుకుని, తప్పులు మీరే సవరిస్తారేమోనని ఆగాను. సవరణ రాలేదు. ఈలోగా ఆ వ్యాసం బ్రిటన్‌లోని మన వాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. నలుగురికే అనుమతి ఉన్న ఇంట్లో తొమ్మిదిమంది దిగడానికి దాన్నే ప్రమాణంగా చూపిస్తున్నారు.

ముందు ఆ ‘సర్దుకోవడం’ సంగతి. స్కాట్లాండ్‌లో సెలవులకు అద్దెకిచ్చే ఇంటికి లైసెన్సు ఉండాలి. కొత్తగా ఇచ్చేవాళ్లకు 2022 అక్టోబరు 1 నుంచి ఆ నిబంధన వచ్చింది. అప్పటికే ఇస్తున్నవాళ్లు 2023 అక్టోబరు 1 లోపు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో ఆ లైసెన్సులోనే ఉంటుంది, దాటనివ్వకుండా చూసుకోవాల్సింది యజమాని. దాటితే అతని లైసెన్సుకూ బీమాకూ చిక్కు. చంటిపిల్లల్ని లెక్కలో కలపాలా వద్దా అనేది బుక్ చేసేముందే అడగాలి, గుమ్మంలో నిలబడి కాదు. లైసెన్సు నంబరు, ఇంటి ఇంధన పొదుపు గ్రేడు ప్రకటనలో కనిపించి తీరాలి. నంబరు లేని ప్రకటనకు అడ్వాన్సు పంపొద్దని ఒక్క వాక్యం రాసి ఉంటే మీ వ్యాసం ఎంతో కొంత పనికొచ్చేది. దాని బదులు సూర్యాస్తమయం మీద రెండు పేరాలు పరిచారు. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేది రాత్రి పదింటి తర్వాత, ఆ ముక్క మాత్రం లేదు.

ఇక వంటిల్లు. ‘స్టవ్ ఉంటుంది’ అని తేల్చేశారు. ఏ స్టవ్? చాలా కాటేజీల్లో ఇప్పుడున్నది గాజుపలక మీద ఇండక్షన్. మన అల్యూమినియం కుక్కర్ దాని మీద పెడితే గంటసేపు చూసినా వేడెక్కదు, మీట మిణుకుమిణుకుమంటుందంతే. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటేనే పని చేస్తుంది. కాబట్టి ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్ పట్టుకెళ్లాలి, లేదా 1.8 లీటర్ల కరెంటు రైస్ కుక్కర్. ఆరుగురికి ఆ సైజు ధారాళంగా సరిపోతుంది. ఇనప పెనం వేడెక్కుతుంది కానీ ఈడిస్తే గాజు గీతలు పడుతుంది, చేయి జారితే పగులుతుంది. ఆ పలక ఖరీదు మీ సెలవు అద్దెలో పెద్ద ముక్కే. అక్కడి నాన్‌స్టిక్ పెనాల మీద ఇనప అట్లకాడ ఆడించకండి, చెక్కది ఒకటి సంచిలో వేసుకోండి.

పోపు దగ్గర అసలు గొడవ. స్కాట్లాండ్ చట్టం ప్రకారం వంటింట్లో వేడిని పసిగట్టే అలారం, హాల్లో పొగను పసిగట్టే అలారం ఉంటాయి. అన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. వంటిల్లూ హాలూ కలిసిపోయిన ఇళ్లలో ఎండుమిరపకాయ మాడిన మరుక్షణం మేడ మీద నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. పొయ్యి మీద ఫ్యాను చూసి మురిసిపోవద్దు. చాలాచోట్ల అది గాలిని బయటకు పంపదు, జల్లెడలోంచి తిప్పి మళ్లీ మన మొహానే కొడుతుంది. నూనె కాగకముందే కిటికీ తెరవాలి, వంటింటికి తలుపుంటే మూసుకోవాలి, సెగ తగ్గించి ఆవాలు వేయాలి. ఇవేమీ చేయకుండా అలారానికి షవర్ క్యాప్ తొడిగేవాళ్లున్నారు. పైగా అదొక చిట్కా అని గ్రూపులో పంచుతారు! అగ్ని ప్రమాదం నుంచి కాపాడే పరికరం నోరు నొక్కడం, అదీ కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో.

ఇడ్లీ పిండి రుబ్బి పట్టుకెళ్లమన్నారు, సంతోషం. స్కైలో వేసవి పగలు కూడా పదహారు డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. బల్ల మీద పెట్టిన పిండి తెల్లారేసరికి ఎలా పెట్టింది అలాగే ఉంటుంది. ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం ఒక్కటే వేసి, గిన్నె అందులో పెట్టి రాత్రంతా తలుపు మూసి ఉంచితే పొంగుతుంది. కింద ఒక ట్రే పెట్టండి, పొంగి ఒలికితే కడగాల్సింది మీరే.

‘ఊరి నెయ్యి, పాలకోవా మరిచిపోవద్దు’ అనే సలహా రాసింది ఎవరో కానీ విమానాశ్రయం దాటినవాళ్లు కాదు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి సొంత వాడకానికైనా తేకూడదు. పట్టుబడితే చెత్తబుట్టలోకే. నెయ్యి అక్కడి సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది. కందిపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు మాత్రం గ్లాస్గోలోనే కొనుక్కుని బయల్దేరాలి. దీవి మీద చెప్పుకోదగ్గ దుకాణాలు పోర్ట్రీ, బ్రాడ్‌ఫర్డ్‌లలో ఉన్నాయి. వాటిలో పాలు, రొట్టె, కూరగాయలు దొరుకుతాయి. వేసవి శనివారం సాయంత్రం అక్కడ కూడా అరలు ఖాళీ అయిపోవచ్చు, ఎందుకంటే చాలా కాటేజీల్లో వారం శనివారంతో మొదలవుతుంది, అందరూ ఒకేసారి దిగుతారు.

వ్యాసంలో ఒక్క అక్షరం కూడా లేనిది మురుగు గురించి. పల్లెటూరి కాటేజీల్లో చాలావాటికి పబ్లిక్ డ్రైనేజీ ఉండదు, పెరట్లో గడ్డి కింద సెప్టిక్ ట్యాంకే. సింకులో పోసిన వేపుడు నూనె ఆ చలికి గొట్టంలోనే గడ్డకడుతుంది, దాని మీద మెతుకులు పేరుకుంటాయి, మూడో రోజుకు స్నానాల గదిలో నీళ్లు పైకి తంతాయి. ట్యాంకర్ పిలవగానే రాదు, అది దీవి. నూనె చల్లారాక ఖాళీ సీసాలో పోసి చెత్తలో వేయాలి. మెతుకులు గిన్నెలోంచి బుట్టలోకి దులపాలి. తడి తుడుపు కాగితాలు, డైపర్లు టాయిలెట్లో వేయకూడదు. బ్లీచింగ్ ద్రవం గుమ్మరించినా ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి అసలుకే మోసం వస్తుంది. కొన్ని ఇళ్లకు నీళ్లు కూడా కొండవాగు నుంచి వస్తాయి, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లటి పీట్ నేల వల్ల లేత టీ రంగులో ఉంటాయి. వాటిని శుద్ధి చేసే అతినీలలోహిత దీపం ఒకటి సింకు కిందో షెడ్డులోనో వెలుగుతూ ఉంటుంది. కరెంటు ఆదా అని దాని స్విచ్చి కట్టేసే పెద్దమనుషుల కోసమైనా ఒక వాక్యం రాయాల్సింది.

ఖాళీ చేయాల్సింది ఉదయం పదింటికి. తర్వాతి వాళ్లు దిగేది సాయంత్రం నాలుగింటికి. మధ్యలో ఆ ఆరు గంటల్లోనే శుభ్రం చేసే మనిషి దుప్పట్లు మార్చాలి, తెల్లటి సిరామిక్ సింకు మీద పసుపు మరక వదిలించాలి, సోఫా కింద జంతికల ముక్కలు ఏరాలి. ఆ మనిషి ఇరవై మైళ్ల అవతలి నుంచి వస్తుంది. దగ్గర్లో అద్దెకు ఇల్లు దొరకదు, ఉన్న ఇళ్లన్నీ మనలాంటి వాళ్లకు సెలవుల కాటేజీలైపోయాయి కాబట్టి. ఆ సంగతి రాస్తే వ్యాసం అందం చెడుతుందేమో!

రోడ్ల దగ్గరకు వస్తే, ‘నచ్చినచోట కారు ఆపి ఫొటోలు దిగండి’ అన్నారు. చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ మాట వెనక్కి తీసుకోండి. దీవిని ప్రధాన భూభాగంతో కలిపే వంతెన నుంచి పోర్ట్రీ, యూగ్ దాకా రెండు వరుసల రోడ్డే. అది దాటి గ్లెన్‌బ్రిటిల్ వైపో, ఎల్గోల్ వైపో, నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్ వైపో తిరిగితే ఒకే కారు పట్టే దారి. మధ్యమధ్య పక్కకు తప్పుకునే జాగాలుంటాయి, బోర్డు ఉంటుంది. ఎడమవైపు జాగా వస్తే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మన వరుసలోనే ఆగాలి, అవతలి బండి అందులోంచి తిరిగి వెళ్తుంది. వెనక బండి తొందరలో ఉంటే దానికీ ఇలాగే దారివ్వాలి. ఆ జాగాలో కారు పెట్టి కొండెక్కితే బస్సు ఆగుతుంది, అంబులెన్సు ఆగుతుంది, గొర్రెల కాపరి ట్రాక్టరూ ఆగుతుంది. ఇరవై మైళ్లకు గంట లెక్కేసుకోండి. మ్యాపు చూపించే నిమిషాలు గొర్రెలకు తెలియవు.

అధికారుల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. అక్కడి వాళ్లూ మనవాళ్లకు దూరపు చుట్టాలే. జనం ఎగబడతారని తెలిసిన చోట్ల పార్కింగ్ రుసుం పెట్టడానికి చూపిన చురుకు గుంతలు పూడ్చడానికి చూపరు. జనం చూడటానికి ఎగబడే కొండవాగు మడుగులు ఫెయిరీ పూల్స్ దగ్గర మరుగుదొడ్లతో పెద్ద పార్కింగ్ ఏర్పాటయ్యేదాకా ఆ రోడ్డు పక్క కార్ల వరుసలు ఏళ్ల తరబడి అందరూ చూసినవే. అయినా అక్కడ కనీసం వంటింట్లో అలారం ఉందా, గ్యాసు తనిఖీ ఏటా జరిగిందా అని అడిగే కాగితం ఒకటుంది. మన దగ్గర ఏటిగట్టున, కొండమీద పుట్టగొడుగుల్లా లేచిన కాటేజీల్లో సిలిండరు ఎక్కడుంది, అర్ధరాత్రి బయటపడే దారేది అని ఏ అధికారి అడిగాడు? ప్రారంభోత్సవం రిబ్బను కత్తిరించడానికి మాత్రం ముగ్గురు వస్తారు, మీ పత్రికలో ఫొటో కూడా వస్తుంది.

ఒకప్పుడు పత్రికల్లో యాత్రా వ్యాసమంటే వెళ్లొచ్చినవాళ్లు రాసేవారు. బస్సు ఎన్నింటికి, సత్రంలో బావి ఉందా లేదా అన్నది కూడా రాసేవారు. ఇప్పుడు పది ఫొటోలు, పది విశేషణాలు. చిరుదోమల గురించి కూడా లేదు చూడండి! మే నుంచి సెప్టెంబరు దాకా గాలి కదలని సాయంత్రం ఆరుబయట ప్లేటు పట్టుకుని నిలబడితే అన్నం మీద నువ్వుల్లా వాలతాయి. గాలి వీచే చోటు చూసుకోవాలి, ఒంటికి మందు రాసుకోవాలి, దీపం వేశాక కిటికీలు మూసుకోవాలి.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే మనుషుల సంఖ్య, నెయ్యి, కారు ఆపడం, ఈ మూడూ వేయండి, చాలు. రైలు సంగతీ సరిచూడండి, స్కై మీద రైలు లేదు. ఒక దారి కైల్ ఆఫ్ లోహాల్ష్‌లో వంతెనకు ఇవతలే ఆగిపోతుంది, ఇంకోటి మాలెయిగ్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి ఆర్మడేల్‌కు ఓడ ఎక్కాలి, గాలి ఎక్కువైతే అది రద్దవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇన్వర్నెస్, స్కాట్లాండ్

తా.క.: ‘స్కై దీవిలోని ప్రాచీన కోట’ అని మీరు సగం పేజీ వేసిన ఫొటో ఐలన్ డోనన్ కోటది. అది స్కై మీద లేదు, వంతెన రాకముందే డోర్నీ ఊరి దగ్గర రోడ్డు పక్కనే కనిపిస్తుంది.