ట్రాన్స్ పిల్లలకు తొలి వైద్యం జిల్లాలోనే దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో ట్రాన్స్ పిల్లలకు, అంటే పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానికీ తాము లోపల అనుకునేదానికీ పొంతన లేని పిల్లలకు, ప్యూబర్టీ బ్లాకర్లు (యుక్తవయసు మార్పులను తాత్కాలికంగా ఆపే మందులు) ఆపేశారన్న వార్త ఫోన్లలో తిరిగిన దగ్గర్నుంచి శ్రీకాకుళం జిల్లాలో తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "అక్కడే ఆపీసినారంట కదండీ, మరి ఇదంతా ఉత్తిదేనా?" కొందరు టీచర్లు, కొందరు డాక్టర్లు కూడా అదే అర్థం తీసుకుంటున్నారు. ఆ వార్తలో ఏముందో, ఏం లేదో విడమరచి చెప్పకపోతే నష్టపోయేది ఇక్కడి పిల్లలే. అందుకే ఈ ఉత్తరం.

పిల్లల వైద్యురాలు హిలరీ కాస్ ఆధ్వర్యంలో తయారైన నివేదిక 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ బ్లాకర్ ఇంజెక్షన్ల వల్ల మేలు జరుగుతుందనడానికి ఉన్న ఆధారాలు బలహీనమని, పరిశోధనలో భాగంగానే వాడాలని అది చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ట్రాన్స్ పిల్లలకు కొత్తగా ఈ మందు రాయడాన్ని నిరవధికంగా నిషేధించింది. ఈ పిల్లల బాధ అబద్ధమని నివేదికలో ఎక్కడా లేదు. పైగా ప్రతి పిల్లవాడి మనసునీ, ఇంటినీ, చదువునీ కలిపి చూసే వైద్యం దగ్గరలోనే దొరకాలని గట్టిగా చెప్పింది. ఆ సగం మాత్రం ఫోన్లలోకి రాలేదు.

ఆధారాలు బలహీనం అంటే ఏమిటి? ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 2011లో 70 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బ్లాకర్లు వాడాక దిగులు లక్షణాలు తగ్గాయి. కానీ పోల్చి చూసుకోవడానికి మందు వాడని బృందం లేదు. పైగా వాళ్లు ఇంటి మద్దతు ఉండి, తీవ్రమైన మానసిక జబ్బులు లేకుండా వడపోతలో నిలిచిన పిల్లలు. అమెరికాలో 315 మందిని, తాము కోరుకున్న లింగానికి తగ్గ హార్మోన్లు మొదలుపెట్టాక రెండేళ్లు గమనించి 2023లో ఫలితాలు ఇచ్చారు. సగటున దిగులు, ఆందోళన తగ్గాయి. అందరికీ ఒకేలా తగ్గలేదు, ఇద్దరు ఆత్మహత్య చేసుకున్నారు. మా అభిప్రాయంలో ఈ మందులు కొందరికి మేలు చేస్తాయి. ఎవరికి చేస్తాయో ముందే తేల్చే పరీక్ష ఇంకా రాలేదు. హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు కూడా యుక్తవయసు లక్షణాలు మొదలయ్యాకే, పూర్తి మానసిక పరిశీలన తర్వాతే బ్లాకర్ల మాట ఎత్తమంటాయి. అంతకుముందు వయసులో మందు ఇవ్వమని అవి చెప్పవు.

మన దగ్గర పిల్లలు ఆ ఇంజెక్షన్ దాకా చేరనే చేరరు. వాళ్లకు దొరికేది మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే గర్భనిరోధక మాత్రలు. స్నేహితులు చెప్పారని రోజుకు రెండు మూడు వేసుకునేవాళ్లున్నారు. ఆ మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడియాల్ రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది, అందుకే ఈ వైద్యంలో దాన్ని వాడొద్దన్నారు. ఒక కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి, మాత్రల సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. అటు అబ్బాయిలా బతకాలనుకునే పిల్లలు ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగిస్తారు. అది ఊపిరి తీసిన కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది, పక్కటెముకలు నొప్పెడతాయి, చర్మం ఒరుసుకుపోతుంది. బిగుతైన స్పోర్ట్స్ బనియను దానికంటే నయం. ఏది వేసినా ఎనిమిది గంటలు దాటకూడదు, నిద్రలోనూ ఆటల్లోనూ తీసేయాలి.

తొలి వైద్యం అంటే ప్రధానంగా మాట్లాడటమే, కానీ దానికో పద్ధతి ఉంది. ముందు పిల్లతో ఒంటరిగా, తర్వాత తల్లిదండ్రులతో, ఆఖర్న అందరినీ కలిపి. తల్లి పక్కన కూర్చుని ఉండగా ఏ పిల్లా నిజం చెప్పదు. "నిన్ను ఏ పేరుతో పిలవమంటావు?" అన్నదే మొదటి ప్రశ్న. "నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఇంట్లో చెప్పం, ప్రాణానికి ముప్పున్నా, ఎవరైనా లైంగికంగా హింసిస్తున్నా మాత్రం దాచలేం" అని మొదట్లోనే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం ఆ రెండో సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ తర్వాతే అడగాల్సినవి: ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోంది, బాధ దేనితో ఎక్కువ, గొంతు మారడంతోనా, నెలసరితోనా, బట్టలతోనా, పిలుపుతోనా? ఒంటరిగా ఉన్నప్పుడూ ఉంటుందా, జనంలోనే ఉంటుందా?

అక్క లంగా కట్టుకున్న ప్రతి మగపిల్లాడూ, జుట్టు కత్తిరించుకున్న ప్రతి ఆడపిల్లా ట్రాన్స్ కారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 ప్రమాణాల ప్రకారం చిన్నపిల్లల్లో ఎనిమిది లక్షణాల్లో కనీసం ఆరు, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, వాటితో పిల్లకు బాధ గానీ రోజువారీ జీవితంలో ఇబ్బంది గానీ ఉండాలి. చిన్నవయసులో కనిపించి తర్వాత మారేవాళ్లూ ఉన్నారు, యుక్తవయసుతో బాధ ముదిరేవాళ్లూ ఉన్నారు. కాబట్టి తొందరపడి పేరు పెట్టొద్దు, తొందరపడి కొట్టేయొద్దు. ఆటిజం ఈ పిల్లల్లో మామూలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. దిగులు, చిన్నప్పటి హింస కూడా ఉండొచ్చు. వాటికి వైద్యం వెంటనే మొదలుపెట్టాలి. అవి ఉన్నాయి కాబట్టి ట్రాన్స్ కాదు అనడం మేం ఎక్కువగా చూసే పొరపాటు. మరో రకం కూడా తెలిసి ఉండాలి: "నేను ట్రాన్స్ అయిపోతానేమో" అన్న భయం వద్దన్నా పదేపదే వచ్చి, అద్దంలో చూసుకుని చూసుకుని సరిచూసుకునే పిల్లలు. అది ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదేపదే సరిచూసుకోవడం ఉండే మానసిక జబ్బు కావొచ్చు, దాని వైద్యం వేరు.

ఉత్తరాంధ్రలో ప్రత్యేకంగా చూడాల్సినది ఒకటుంది. మేనరికం పెళ్లిళ్లు మనకు మామూలే. ఆడపిల్లగా పెరిగిన బిడ్డకు పన్నెండు, పదమూడేళ్లకు గొంతు బొంగురుపోయి కండ పడుతున్నా, పదిహేనేళ్లకూ రజస్వల కాకపోయినా అది మనసుకు సంబంధించిన విషయం కాకపోవచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యులోపం వస్తే పుట్టుకతోనే శరీర నిర్మాణంలో తేడా ఉండే స్థితులున్నాయి. వీటికి హార్మోన్ పరీక్షలు, క్రోమోజోమ్ పరీక్ష, స్కానింగ్ కావాలి. కొన్నింటిలో ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది కూడా. ఈ పరీక్షలు చేయకుండా నెలల తరబడి కౌన్సెలింగ్ చేయడం తప్పు.

ఆత్మహత్య గురించి సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. "చచ్చిపోవాలనిపించిందా? ఎలా అనుకున్నావు? అది ఇంట్లో ఉందా?" పలాస వైపు జీడితోటలకు కొట్టే మందు, పొలానికి తెచ్చిన గడ్డిమందు వసారాలో, మంచం కింద ఉంటాయి. ఇంట్లోవాళ్లకు మొదటిరోజే చెప్పాల్సింది ఆ డబ్బాలను ఇల్లు దాటించి, తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టమని. క్షణికంగా వచ్చే ఆలోచన దాటిపోవడానికి చాలాసార్లు ఆ దూరం సాయపడుతుంది. అర్ధరాత్రి అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

"సరిచేస్తాం" అనేవాళ్ల గురించి కచ్చితంగా చెప్పాలి. దెయ్యం వదిలిస్తామనే భూతవైద్యం, హార్మోన్ ఇంజెక్షన్‌తో "మగతనం" తెప్పిస్తామనడం, పెళ్లి చేస్తే కుదురుకుంటుందనడం, ఇవేవీ పనిచేయవు. పిల్ల నోరు మూసుకుంటుంది, లేదా రైలెక్కి వెళ్లిపోతుంది. వెళ్లిన చోట పద్దెనిమిదేళ్లు నిండకుండానే నాటు పద్ధతిలో జననాంగాలను కోయించుకుని, రక్తస్రావంతో, మూత్రం బంద్ అయి ఆస్పత్రికి వచ్చేవాళ్లున్నారు. మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో ఇలాంటి "చికిత్స"లను నిషేధించాలంది, 2022లో జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా జబ్బుల పట్టికలో, అంటే 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నదాంట్లో, ట్రాన్స్‌గా ఉండటం మానసిక రుగ్మతల అధ్యాయంలో లేనే లేదు.

బడిలో చేయాల్సినవాటికి పైసా ఖర్చు లేదు. అమెరికాలో మూడు నగరాల్లో 129 మంది ట్రాన్స్ యువతను అడిగి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కోరుకున్న పేరుతో పిలిచే చోట్లు పెరిగిన కొద్దీ దిగులు, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. పేరే కారణమని అది రుజువు చేయదు, పిలిచే ఇల్లు మొదటే మంచిదై ఉండొచ్చు. అయినా పేరు పిలవడం వల్ల పోయేదేముంది? రిజిస్టరు మార్చలేని టీచరు ఇంటిపేరుతో పిలవొచ్చు, మన బళ్లలో అది ఎటూ ఉన్న అలవాటే. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగని పిల్లలున్నారు, వాళ్లకు మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ పదేపదే వస్తాయి. స్టాఫ్ మరుగుదొడ్డి తాళంచెవి ఇస్తే సరిపోతుంది. హాస్టళ్లలో స్నానానికి వేరే వేళ కేటాయించాలి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆస్పత్రుల్లో వారానికి ఒక మధ్యాహ్నం ఈ పిల్లలకు ఓపీ పెట్టమని జిల్లా అధికారులను కోరుతున్నాం. ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కర్, తలుపు మూసుకునే గది ఒకటి ఉంటే మొదలుపెట్టొచ్చు. మొదటిసారి మాట్లాడటానికి గంటన్నర కేటాయించాలి, మామూలు ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో ఇది కాదు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) అవసరమైనవాళ్లను మాత్రమే విశాఖ కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) పంపాలి, చీటీ మీద రాసి వదిలేయకుండా అక్కడి డాక్టరుతో ముందే మాట్లాడి పంపాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లి రావడమంటే ఇద్దరి కూలి పోతుంది, బిడ్డను ఎందుకు తీసుకెళ్తున్నారో ఊరంతా అడుగుతుంది. అందుకే చాలామంది ఒక్కసారి వెళ్లి మానేస్తారు. ఇంకొక్కటి, ఓపీ గుమ్మం దగ్గర పేరు పెట్టి గట్టిగా అరిచి పిలవకుండా టోకెన్ నంబరుతో పిలవాలి. వరండాలో అందరి ముందూ ఆ పేరు వినపడగానే లేచి వెళ్లిపోయే పిల్లలున్నారు.

పత్రికలకూ ఒక మనవి. ఇలాంటి పిల్లల వార్త రాసేటప్పుడు ఫొటో, బడి పేరు, వీధి పేరు వేయకండి. చిన్న మండలంలో వీధి పేరు వేస్తే బిడ్డ పేరు వేసినట్టే. చివర 14416 నంబరు వేయండి.

— కౌమార మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, శ్రీకాకుళం