దేవదారు వలయంలో ఉన్నది మన వానాకాలం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో హిమాలయ దేవదారు దుంగ ఫొటో వేసి, దాని కింద ‘వెడల్పు వలయం మంచి వానలు కురిసిన ఏడు, సన్న వలయం కరువు ఏడు’ అని రాశారు. బడి పుస్తకాల్లోనూ ఇదే మాట ఉంటుంది. పూర్తిగా తప్పని అనలేం. కానీ మనకు వాన అంటే మృగశిర కార్తెతో మొదలయ్యే నైరుతి. ఆ అర్థంలో చదివితే మాత్రం దేవదారు దగ్గర పప్పులో కాలేసినట్టే.

హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో దేవదారు కొత్త కొయ్య వేయడం మొదలుపెట్టేది వసంతంలో. చలికాలంలో పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అనే వాతావరణ అలజడులు కురిపించిన మంచు కరిగి నేలలోకి ఇంకుతుంది. ఆ తడి, దానికి తోడు మార్చి నుంచి మే దాకా పడే జల్లులు, ఇవే ఆ ఏటి వలయానికి పెట్టుబడి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు వలయాల వెడల్పును వాతావరణ రికార్డులతో దశాబ్దాలుగా పోల్చి చూస్తున్నారు. మళ్లీ మళ్లీ తేలింది ఇదే: వానాకాలానికి ముందు నెలలు తడిగా ఉంటే వలయం వెడల్పు, ఆ నెలల్లో ఎండ ముదిరితే సన్నం. జులైలో కొండచరియలు విరిగిపడేంత వాన కురిసినా ఎండిపోయిన ఏప్రిల్ లోటు పూడదు. అందుకే ‘ఈ ఏడు నైరుతి సాధారణం, హిమాలయ అడవులకు ఢోకా లేదు’ అన్న వార్తలు చదివితే నవ్వొస్తుంది.

కొయ్య కణం పుట్టగానే సరిపోదు, ఉబ్బి పెద్దది కావాలి. ఉబ్బడానికి లోపల నీటి ఒత్తిడి ఉండాలి. నేల ఆరేకొద్దీ ఆ ఒత్తిడి పడిపోతుంది. సూదుల్లాంటి ఆకులు ఇంకా ఆహారం తయారు చేస్తూనే ఉంటాయి, కాండం మాత్రం పెరగడం ఆపేస్తుంది. వాన అంతే పడ్డా ఎండ పెరిగితే గాలి మరింత నీరు పీల్చేస్తుంది కాబట్టి చెట్టుకు అదీ కరువే. బాగా ఎత్తున, చెట్లు పెరిగే చివరి హద్దు దగ్గర, చలి తగ్గడం కొంత మేలు చేసే మాట నిజమే. అయితే వేసవి మొదట్లో నేల ఎండితే ఆ మేలూ దక్కదు.

ఇక దుంగను చదివే పద్ధతి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. నడిబొడ్డు దగ్గర వలయాలు వెడల్పుగా, బెరడు దగ్గర సన్నగా ఉంటే ‘పూర్వం వానలు బాగుండేవి, ఇప్పుడు లేవు’ అని తీర్పు చెప్పేస్తారు. లెక్క కట్టి చూడండి. చెట్టు ఏటా 20 చదరపు సెంటీమీటర్ల కొయ్య వేస్తోందనుకుందాం. మొద్దు వ్యాసార్థం 5 సెంటీమీటర్లున్నప్పుడు ఆ కొయ్య 6 మిల్లీమీటర్ల వలయం అవుతుంది. 30 సెంటీమీటర్లకు చేరాక అదే కొయ్య సుమారు ఒక మిల్లీమీటరే. చెట్టు లావెక్కింది, అంతే. ఈ వయసు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాకే వాతావరణం మాట ఎత్తాలి.

రెండో చిక్కు వాలు. కొండవాలు మీద పెరిగే కోనిఫర్ (దేవదారు, పైన్ జాతి చెట్టు) తన కాండాన్ని నిటారుగా నిలుపుకోవడానికి కింది వైపు ఎక్కువ కొయ్య వేస్తుంది. అందుకే నమూనా తీసేవాళ్లు వాలుకు అడ్డంగా, ఎదురెదురు పక్కల నుంచి, రొమ్మెత్తున రెండు నమూనాలు తీస్తారు. బోరర్ అనే బోలు బర్మాతో సుమారు 5 మిల్లీమీటర్ల మందం పుల్ల వస్తుంది. చెట్టు చావదు. ఆ పుల్లను నెమ్మదిగా ఆరనిచ్చి, చెక్కలో గాడి తీసి, కొయ్య పోగులు నిలువుగా ఉండేలా జిగురుతో అతికించాలి. పోగులు పడుకుంటే ఎంత అరగదీసినా కణాలు కనబడవు. ఉప్పుకాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400 మీదుగా 600 దాకా వెళ్లాలి. 120 దగ్గర ఆపేస్తే గీతల్లో సన్న వలయాలు మాయమవుతాయి. కావలసింది సరిగ్గా ఆ కరువు ఏళ్లే.

మూడోది, వలయం అంటే ఏడాది అని గుడ్డిగా నమ్మడం. తీవ్రమైన కరువు ఏట కాండం అడుగు భాగంలో అసలు వలయమే పడకపోవచ్చు. వసంతంలో ఎండి, మధ్యలో వాన పడి, మళ్లీ పెరుగుదల మొదలైతే ఒకే ఏట రెండు గీతలు కనిపిస్తాయి. భూతద్దంలో తేడా దొరుకుతుంది. అసలు వలయం చివర ముదురు గోధుమ గీత బయటి అంచు కత్తితో కోసినట్టు తెగి, పక్కనే లేతరంగు పెద్ద కణాలు మొదలవుతాయి. దొంగ వలయంలో ఆ ముదురు రంగు రెండు పక్కలా మెల్లగా పలచబడుతుంది. అందుకే ఒక చెట్టును నమ్మరు. ఒక్కో చోట ఇరవై చెట్లకు తగ్గకుండా తీసి, సన్న వలయాల వరుసను ఒకదానితో ఒకటి సరిపోల్చి సంవత్సరం ఖాయం చేస్తారు. ఇంకోటి, వరుసగా మూడు సన్న వలయాలుంటే మూడేళ్ల కరువని కాదు. అనేక దేశాల వలయాలను కలిపి చూసిన 2015 నాటి అధ్యయనంలో తీవ్ర కరువు తర్వాత చెట్టు మామూలు పెరుగుదలకు రావడానికి ఒకటి నుంచి నాలుగేళ్లు పట్టిందని తేలింది. పొడి నేలల్లో, పైన్ కుటుంబంలో ఈ దెబ్బ మరీ స్పష్టం.

సన్నబడటం వేరు, చావడం వేరు. కాలిఫోర్నియాలో 2012 నుంచి 2016 దాకా కరువు. 2010 నుంచి అక్కడ చచ్చిన చెట్లు 12.9 కోట్లని అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 2017 చివర్లో లెక్క చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి యోసెమిటీ జాతీయ పార్కుకు వెళ్లే తెలుగువాళ్లు దారి పొడవునా చూసిన ఎర్రబారిన చెట్లు అవే. వాటిలో చాలావాటిని నేరుగా చంపింది దాహం కాదు, బెరడు పురుగు. పైన్ పిసినారి చెట్టు. నేల ఆరగానే ఆకు రంధ్రాలు మూసేసి నీరు దాచుకుంటుంది. రంధ్రాలు మూస్తే తిండి తయారీ తగ్గుతుంది, తిండి తగ్గితే బంక తగ్గుతుంది. పురుగును తోసేసే ఆయుధం ఆ బంకే. బెరడు మీద పేలాల్లా తెల్లటి బంక ముద్దలు కనిపిస్తే చెట్టు పోరాడుతోందని అర్థం. ముద్దల్లేకుండా బెరడు పగుళ్లలో పొడి రంపపు పొట్టు మాత్రమే ఉంటే దాని పని అయిపోయినట్టే, ఆకు ఇంకా పచ్చగా ఉన్నా సరే. ఎర్రబారిన చెట్టు నరికితే ఉపయోగం తక్కువ, పురుగు అప్పటికే పక్క చెట్టుకు చేరి ఉంటుంది. వందేళ్లపాటు మంటలన్నీ ఆర్పేయడంతో అడవి కిక్కిరిసి, ఉన్న తడిని ఎక్కువ చెట్లు పంచుకోవాల్సి రావడం మరో కారణం.

మన దగ్గర పిల్లలకు చూపిద్దామని తీరంలోని సరుగుడును కోస్తుంటారు కొందరు టీచర్లు. సూదుల్లాంటి ఆకు, కాయ చూసి మోసపోవద్దు, అది కోనిఫర్ కాదు. అరకు వైపు పైన్ తోటలు బయటి నుంచి తెచ్చి నాటినవి. వలయాలు చూపాలంటే టేకు దుంగ నయం.

వలయాల్లో మన కరువులూ దొరుకుతాయి, కానీ ఒక్క దుంగలో కాదు. 2010లో ఆసియా రుతుపవన ప్రాంతమంతటా చెట్ల వలయాల శ్రేణులు 327 కలిపి కరువుల పటం గీశారు. మనవాళ్లు ధాత కరువన్న 1876–78 కాలం అందులో స్పష్టంగా పడింది. విడివిడిగా ఏ చెట్టూ చెప్పలేని మాటను అన్నీ కలిసి చెప్పాయి.

కాబట్టి ఆ ఫొటో కింది వాక్యాన్ని ‘మార్చి–మే తడి’ అని సవరించి వేయమని కోరుతున్నాం. వీలైతే వాలు ఎటువైపో బాణం గుర్తు పెట్టండి. మీ ఫొటోలో కుడివైపు వలయాలు ఎడమవాటికి దాదాపు రెట్టింపున్నాయి. దానికి వానలతో సంబంధం లేదు, ఆ చెట్టు వాలు మీద పెరిగింది.

ఇట్లు,
అటవీశాస్త్రం బోధించే ఇద్దరు పాఠకులు