నల్లా నీళ్ళలో ఏముందో చూడకుండానే ఫిల్టర్లు కొంటున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఎల్బీనగర్ దగ్గర ఉంటాను, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రాంతం. ఆ ఊళ్ళ పేరు చెప్తే చాలు మన రాష్ట్రంలో అందరికీ ముందు గుర్తొచ్చేది వంకర తిరిగిన కాళ్ళు, మచ్చలు పడ్డ పళ్ళు. మా పెదనాన్న నలభై ఏళ్ళు దాటకముందే నడుము వంగిపోయి కర్ర పట్టుకున్న మనిషి. అందుకే నీళ్ళ విషయంలో నాకు కొంచెం భయం ఎక్కువే, ఆ భయంతోనే రెండేళ్ళ కింద ఒక తప్పు పని చేశాను, నాలాగ చాలామంది చేస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

మా అపార్ట్‌మెంట్‌కి ఒక కంపెనీ అబ్బాయి వచ్చి రెండు గ్లాసులు టేబుల్ మీద పెట్టాడు, ఒక దాంట్లో మా నల్లా నీళ్ళు, ఇంకో దాంట్లో వాళ్ళ ఆర్‌ఓ మిషన్ నీళ్ళు. ఒక చిన్న పరికరం, దానికి కడ్డీలు, కరెంట్ ప్లగ్గు. స్విచ్ వేసిన రెండు నిమిషాలకి మా గ్లాసులో నీళ్ళు తుప్పు రంగు తిరిగి పైన మడ్డి తేలింది, వాళ్ళ గ్లాసు అలాగే తెల్లగా ఉంది. "మేడం, ఇదీ మీరు పిల్లలకి తాగిస్తున్నది" అన్నాడు. పక్క ఫ్లాట్ ఆవిడ అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు మా ఫ్లోర్‌లో నాలుగు మిషన్లు అమ్ముడుపోయాయి, అందులో ఒకటి నాది, పద్దెనిమిది వేలు.

రోజూ క్లాసులో ఎలక్ట్రాలిసిస్ పాఠం చెప్పేదాన్ని, ఆ క్షణంలో నాకు తట్టలేదు. తర్వాత వారం పదో తరగతి పిల్లలతో ల్యాబ్‌లో అదే ప్రయోగం చేసి చూశా, ఇనప మేకులు రెండు, బ్యాటరీ, ఆర్‌ఓ నీళ్ళు. ఏమీ కాలేదు. ఆ నీళ్ళలోనే చిటికెడు వంటింటి ఉప్పు వేశాం, కాసేపటికి ఇవీ ఆ రంగే తిరిగాయి. ఆ మడ్డి నీళ్ళలోంచి వచ్చింది కాదండీ, ఆ ఇనప కడ్డీ కరిగి తుప్పుగా మారింది అంతే. నీళ్ళలో లవణాలు ఉంటే కరెంట్ పారుతుంది, పారితే ఇనుము కరుగుతుంది, ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఏమీ జరగదు. నీళ్ళు చెడ్డవా మంచివా అనేదానికీ ఆ రంగుకీ సంబంధం లేదు. ఈ ఒక్క ప్రయోగాన్ని మీ పేపర్లో ఒక మూల బొమ్మ వేసి చెప్తే ఎన్ని ఇళ్ళల్లో డబ్బు మిగులుతుందో.

ఇంకో ఆయుధం టీడీఎస్ మీటర్, అంటే లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములో అంచనాగా చెప్పేది. పెన్ను లాంటిది ముంచగానే అంకె చూపిస్తుంది. మా నల్లా నీళ్ళలో 260 వచ్చింది, "అమ్మో రెండొందల అరవై" అన్నారందరూ. తాగే నీళ్ళకి మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ 10500 అని ఒకటి ఉంది, 2012లో సవరించింది, దాని ప్రకారం టీడీఎస్ 500 వరకూ హాయిగా తాగొచ్చు, వేరే దారి లేకపోతే 2000 వరకూ ఒప్పుకుంటారు. 260 అంటే మామూలు నీళ్ళే, అందులో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం లాంటివే. పైగా ఆ మీటర్ కొలిచేది నీళ్ళలో కరెంట్ ఎంత పారుతుందనేది మాత్రమే, ఫ్లోరైడ్ ఉందా, నైట్రేట్ ఉందా, డ్రైనేజీ నీళ్ళు కలిశాయా అన్నది అది చెప్పలేదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్ళలో కూడా విరేచనాలు పట్టించే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఇక అసలు కథ మా అమ్మది. ఊళ్ళో ఇంటికి నల్లా నీళ్ళు వస్తాయి, కానీ అమ్మకి ఆ క్లోరిన్ వాసన పడదు, చిన్నప్పటి నుంచీ బోరు నీళ్ళ రుచి నాలుకకి పట్టింది. ఎప్పుడో నేనే కొనిచ్చిన క్యాండిల్ ఫిల్టర్‌లో ఆ బోరు నీళ్ళే పోసుకుని తాగుతోంది, పైగా "కాచి మరీ పోస్తున్న బిడ్డా, ఇంక భయమేంది" అంటది. ల్యాబ్‌లో ఆ ప్రయోగం అయ్యాక, అమ్మ తాగే నీళ్ళలో ఏం కరిగి ఉందో ఎప్పుడూ చూడలేదని గుర్తొచ్చి నాకు గుండె జారింది. దసరా సెలవుల్లో రెండు సీసాలు నింపుకుని, ఒకటి నేరుగా బోరు నీళ్ళు, ఒకటి ఫిల్టర్‌లోంచి పట్టినవి, జిల్లా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇచ్చొచ్చా. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 2.4 మిల్లీగ్రాములు, ఫిల్టర్ నీళ్ళలో కూడా 2.4. ఒక్క పాయింట్ తగ్గలేదు. స్టాండర్డ్ ప్రకారం 1.0 దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5, అంతకు మించితే పళ్ళకీ, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకీ దెబ్బ.

క్యాండిల్ మట్టినీ కొంతవరకు క్రిములనీ ఆపుతుంది, నీళ్ళలో కరిగిపోయిన ఫ్లోరైడ్‌ని ఆపలేదు. యూవీ లైటు క్రిముల్ని చంపుతుంది తప్ప ఏదీ బయటికి తీయదు, నీళ్ళు మురికిగా ఉంటే ఆ పనీ సరిగ్గా చేయలేదు. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్ వాసన, రంగు, కొన్ని రసాయనాలు లాగేస్తుంది. ఇక కాచడం, క్రిములకి దాన్ని మించిన మందు లేదు కానీ ఫ్లోరైడ్, నైట్రేట్ విషయంలో రివర్స్, నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మిగిలినవాటిలో అవి ఇంకా చిక్కబడతాయి. అంటే మా అమ్మ పాపం గ్యాస్ తగలేసి మరీ ఆ ఫ్లోరైడ్‌నే తాగింది. ఆ కాగితం చదువుతుంటే ఏడుపొచ్చింది నాకు.

ఇక్కడ నా ఇంట్లో అవసరం లేని ఆర్‌ఓ గోడకి వేలాడుతోంది, అక్కడ అవసరం ఉన్న మనిషికి క్యాండిల్ ఫిల్టర్. మిషన్ విప్పించి ఊరికి పంపేశా. నెల తర్వాత మళ్ళీ టెస్ట్ చేయిస్తే ఫ్లోరైడ్ 0.2 వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు కార్బన్, యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) పొర ఉన్న చిన్న ఫిల్టర్, కరెంట్ కూడా అక్కర్లేదు. యూఎఫ్ పొర బ్యాక్టీరియాని ఆపుతుంది, లవణాలని వదిలేస్తుంది, కృష్ణా నీళ్ళు శుద్ధి చేసి క్లోరిన్ వేసి పంపిస్తున్నప్పుడు మాకు అది చాలు.

ఆర్‌ఓ చెడ్డదని నేను అనట్లేదు, ఫ్లోరైడ్‌కీ ఉప్పు బోర్లకీ ఇంట్లో పెట్టుకునే వాటిలో అదే సులువు. కానీ ఇళ్ళల్లో వాడే మామూలు మిషన్ ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి దగ్గర దగ్గర మూడు లీటర్లు పైపులోంచి బయటికి వదిలేస్తుంది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వద్దని, మిగతాచోట్ల మిషన్‌లోకి వెళ్ళిన నీళ్ళలో కనీసం 60 శాతం మంచినీళ్ళుగా రావాలని అన్నది. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే మా అపార్ట్‌మెంట్‌లోనే ముప్పై రెండు ఫ్లాట్ల సింకుల్లోకి ఆ నీళ్ళు పోతున్నాయి. మా అమ్మ మాత్రం ఆ పైపు కింద బకెట్ పెట్టి అంట్లు తోముకుంటది, వాకిలి కడుగుతది. చెట్లకి పోయొద్దని చెప్పా, అందులో లవణాలు చిక్కగా ఉంటాయి కదా.

నగరంలో అసలు ప్రమాదం వేరే ఉంది. నీళ్ళు రోజూ కాకుండా రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వస్తాయి, మిగతా టైమంతా పైపు ఖాళీ, పక్కనే డ్రైనేజీ లైను. ఎక్కడ చిన్న పగులు ఉన్నా ప్రెషర్ లేనప్పుడు ఆ మురికి లోపలికి పీల్చుకుంటుంది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్ళు తాగి మనుషులు చనిపోయిన సంగతి ఈ నగరంలో చాలామంది మర్చిపోయారు, ఆ బస్తీ మర్చిపోదు. దానికి తోడు మన సంపులు. మాది కడిగి మూడేళ్ళయిందని అడిగితే గానీ తెలియలేదు, మూత తీస్తే అడుగున జానెడు బురద. శుద్ధి చేసి పంపిన నీళ్ళలో నల్లా దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని స్టాండర్డ్ చెప్తుంది, అది ఆ బురదకే సరిపోతుంది, ఇంక వంటింటికి ఏం మిగుల్తుంది? ఫిల్టర్ కొనేముందు సంపు, పైన ట్యాంకు కడిగించండి. ఫిల్టర్ ఉన్నవాళ్ళు కార్ట్రిడ్జ్ టైముకి మార్చండి, ఏడాదికి పైగా మార్చని కార్బన్‌లో క్రిములే కాపురం పెడతాయి.

ఒకప్పుడు నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. బకెట్లో కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి పై నీళ్ళు వంచుకోవడమే. కానీ మందు ఎంత వేయాలో నీళ్ళని బట్టి లెక్క ఉంటుంది, అందాజుగా వేస్తే పనికిరాదు. అక్కడ కూడా ముందు టెస్టే కావాలి.

అందుకని మీ పేపర్‌ని నేను అడిగేది ఒకటే. జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒకసారి, రిజర్వాయర్ల నీటిమట్టం వేసినట్టే, ఏ ఏరియా నీళ్ళలో టీడీఎస్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, నల్లా దగ్గర క్లోరిన్ ఎంత అని అధికారుల దగ్గర లెక్క తీసుకుని వేయండి. నీళ్ళ బిల్లు వెనక కూడా అవే నాలుగు అంకెలు ముద్రించమని వాళ్ళని అడగండి. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి టెస్ట్ కిట్ వాడటం నేర్పించాలని ఉంది, మీ విలేకరులు ఆ కిట్ పట్టుకున్న అక్కలని కలిసి ఏ బోర్లో ఏం తేలిందో రాస్తే మా ఊళ్ళ వాళ్ళు చదువుతారు, ఖచ్చితంగా చదువుతారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా వాడలో ఇంకో ఆరు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్తున్నా, వచ్చిన ఫలితాలు మీకు పంపిస్తా, వేయండి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్, ఎల్బీనగర్, హైదరాబాద్