చిన్న రైలు చెక్క పెట్టెలకు రంగు కంటే ముందు గుర్తింపు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వరకు నడిచిన చిన్న రైలు మా గజపతి జిల్లాలోనూ, ఆనుకుని ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనూ పెద్దవాళ్లందరికీ ఎరుకే. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ రెండున్నర అడుగుల గేజి (పట్టాల మధ్య వెడల్పు) మార్గం 1900లో నౌపడ, పర్లాకిమిడి మధ్య మొదలై, 1931 నాటికి గుణుపురం చేరి, 2004లో ఆగిపోయింది. తరువాత బ్రాడ్‌గేజి వచ్చింది, మంచిదే. చిన్న రైలు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా అందరూ ఆవిరి ఇంజన్ల గురించే మాట్లాడతారు గానీ, ఆ రోజుల్లో సంతకూ కోర్టుకూ పెళ్లిళ్లకూ జనాన్ని మోసిన చెక్క పెట్టెలు ఏమయ్యాయని అడిగేవారు కనబడరు.

ఇంజను ఇనుము కనుక ఎండకూ వానకూ కొంతకాలం ఓర్చుకుంటుంది, తయారీ వివరాల పలక కూడా చాలాసార్లు దాని ఒంటి మీదే ఉంటుంది. చెక్క పెట్టె సంగతి వేరు. సర్వీసు నుంచి తీసేసిన పెట్టె చక్రాలనూ అండర్‌ఫ్రేమునూ (పెట్టె కింది ఇనుప చట్రం) పాత ఇనుము కింద అమ్మి, పైనున్న చెక్క గదిని సామాను కొట్టుగానో కాపలా గుడిసెగానో వాడుకోవడం రైల్వేలలో ఎప్పటి నుంచో ఉన్నదే. అలా చక్రాల నుంచి విడిపడిన గది కొన్నేళ్లకు రైలు పెట్టె అన్న సంగతే ఎవరికీ తెలియకుండా పోతుంది.

మా వైపు ఒక కళ్లంలో ధాన్యం బస్తాలు వేసుకునే గది ఒకటి అలాంటిదే. చూరుకు తాటాకు, గోడలకు నీలం ఎనామిల్ రంగు ఉండడంతో చూసినవారు పాకే అనుకుంటారు. అయితే గోడ పలకలు పైకి పోయే కొద్దీ లోపలికి ఒంపు తిరిగి ఉన్నాయి, తలుపు పై అంచును తడిమితే ఉలితో చెక్కిన అంకెలు రంగు కింద వేలికి తగులుతాయి, కప్పు నడుమ చెక్క బిళ్లతో మూసిన గుండ్రని కంత ఉంది. మరమ్మతుకు ఊడదీసిన తలుపు మళ్లీ తన పెట్టెకే చేరాలని వడ్రంగులు అలా అంకె వేసేవారు. గుండ్రని కంత, కరెంటు దీపాలు రాకముందు కప్పు మీద నుంచి నూనె దీపం దించిన చోటు కావచ్చు. ఇంత మాత్రాన అది మన లైను పెట్టేనని తేల్చడానికి లేదు. వెడల్పు కొలవాలి, కిటికీల మధ్య దూరం చూడాలి, తలుపులు పక్కలకు ఉన్నాయో కొసలకు ఉన్నాయో గమనించాలి, బల్లలూ సామాను అరలూ ఊడదీసిన మేకు గుర్తులను కాగితం మీదికి ఎక్కించాలి. ఒకవేళ అండర్‌ఫ్రేము దొరికినా దాని మీది నంబరునే నమ్మకూడదు, ఎందుకంటే వర్క్‌షాపుల్లో ఒక పెట్టె పై భాగాన్ని మరో దాని కింది భాగం మీద కూర్చోబెట్టడం మామూలే.

వీటన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యం రంగు పొరలు. ఒక మూల రూపాయి బిళ్లంత మేర సన్న గరుకు కాగితంతో నెమ్మదిగా అరగదీస్తే, ఏ రంగు మీద ఏ రంగు వేశారో చెట్టు మానులోని వలయాల్లా వరుసగా బయటపడుతుంది. మనవాళ్లు పాత వస్తువు దొరకగానే చేసే మొదటి పని మొత్తం గీకేసి మెరిసే రంగు పూయడం. ఆ ఉత్సాహం చూస్తే నాకు చెదల కంటే ఎక్కువ భయం వేస్తుంది. పెట్టె టేకుదైతే చెదలు దాన్ని అంత తేలిగ్గా ముట్టుకోవు.

ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూను (రాచవారి ప్రత్యేక రైలు పెట్టె), 1899 నాటి మైసూరు మహారాజా సెలూను భద్రంగా ఉన్నాయి, ఉండవలసిందే. కానీ 1974లో రద్దయిన మూడో తరగతి పెట్టెల్లో ప్రయాణించినవారే ఎక్కువ, భద్రపరచిన వాటిలో వాటి వాటా తక్కువ. ప్రమాదాల్లో చెక్క పెట్టెలు నుజ్జయ్యేవి, అంటుకునేవి. చెన్నైలోని పెరంబూరులో 1955 నుంచి ఉక్కు పెట్టెలు తయారు కావడం ప్రయాణికులకు మేలే చేసింది. దానితో పాటు పెట్టె చెక్కను అతికే పనితనం కూడా వర్క్‌షాపుల్లో తగ్గిపోయింది కనుక, ఆ పని చేసిన విశ్రాంత ఉద్యోగులు ఉండగానే వారికి ఈ పెట్టెలను చూపించి, వారు చెప్పింది రాసుకోవాలి. మా ప్రాంతంలో దస్త్రాలు ఇంగ్లీషులో, కార్యాలయం ఒడియాలో, పని చేసినవారిలో చాలామంది మాట తెలుగులో ఉంటుంది కాబట్టి రాసుకునేవారికి తెలుగు వచ్చి ఉండడం అవసరం.

దొరికిన పెట్టెను స్టేషను ముందు ఆరుబయట నిలబెట్టవద్దని కూడా మనవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను ఏం చేసిందో చూసినవారెవరూ చెక్కను ఆకాశం కింద వదలరు. పెట్టెను నేలకు ఎత్తుగా రాతి దిమ్మల మీద పెట్టి, గాలి ఆడేలా విడిగా రేకుల కప్పు వేసి, తడి చెక్క పూర్తిగా ఆరేదాకా దాని మీద ఏమీ పూయకుండా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. టేకు పలక బాగున్నా కింది దూలాల అతుకుల్లో నీరు నిలిచి కుళ్లుతుంది, మొదట పరీక్షించవలసింది అక్కడే.

రైల్వే అధికారులు పర్లాకిమిడి, గుణుపురం, నౌపడ పరిసరాల్లో ఇటువంటి గదులను ఒకసారి వెతికించి, కొలతలతో, ఫొటోలతో ఒక జాబితా తయారు చేయించాలని, తమ ఆవరణలో ఉన్నవాటిని ఆ పని ముగిసేదాకా వేలంలో చేర్చవద్దని కోరుతున్నాను. పొలాల్లో, పెరళ్లలో వాటిని వాడుకుంటున్న రైతుల నుంచి గుంజుకోనవసరం లేదు. ఆ గదికి బదులుగా వారికి వేరే కొట్టు కట్టించి ఇస్తే చాలామంది ఇచ్చేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా