శనివారం రాత్రి దుప్పట్లు, భోజనం

అందరికీ వందనాలు! ఈ శనివారం రాత్రి 9కి సికింద్రాబాద్ స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. బైబిల్లో ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం, బట్టల్లేనివాళ్లకి బట్టలు ఇవ్వడం గురించి చెప్పే మత్తయి 25వ అధ్యాయం విని ఆదివారం గట్టిగా ఆమెన్ అన్నాం కదా, ఇక కదలాలి మరి.

పులిహోర పొట్లాలు 7 కల్లా చర్చికి చేరాలి. బైకులున్నవాళ్లు 8:30కి గేటు దగ్గర ఉండండి.

దుప్పట్లు ఉతికినవే తేండి. పోయినసారి ఒక తాత దుప్పటి చంకలో పెట్టుకుని "చెప్పులేమైనా ఉన్నాయా బాబూ" అని అడిగితే మన దగ్గర ఒక్క జత కూడా లేదు, అందుకే ఇంట్లో వాడని చెప్పులు ఏ సైజువైనా పట్టుకురండి.

నిద్రపోయేవాళ్లని లేపొద్దు, దుప్పటి కప్పి వచ్చేద్దాం. పొట్లం మాత్రం పక్కన వదలకండి, కుక్కలు లాక్కెళ్తాయి. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే 108కి ఫోన్ చేద్దాం.

ఫొటోలు, సెల్ఫీలు అస్సలు వద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.