ఈ సెలవుల్లో పిల్లల చేతులకు పిండి అంటనివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం ఇక్కడ ఐర్లండ్‌లోని మన తెలుగు బడిలో రెండో తరగతి పాప ఒకతె గుణింతాలు రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి, పిడికిలి విప్పి నాకొక ఉంగరం చూపించింది. పలుచని రేకు ఉంగరం. లోపలి అంచున రొట్టె తునక ఇంకా అంటుకొని ఉంది. ఇంట్లో బార్మ్‌బ్రాక్ అనే తీపి రొట్టె కోస్తే తన ముక్కలో వచ్చిందట. "ఇది దొరికితే పెళ్ళవుతుందని పక్కింటి మామ్మగారు అన్నారు. నిజమేనా టీచర్?" అని అడిగింది. తరగతిలో అందరూ పెన్సిళ్ళు కింద పెట్టారు. ఆ తర్వాతి అరగంట గుణింతాల జోలికి వెళ్ళలేకపోయాం.

ఎండుద్రాక్షలు వేసి కాల్చే ఆ తీపి రొట్టె పేరు ఐరిష్ భాషలో 'చుక్కల రొట్టె' అని అర్థమిస్తుంది. ద్రాక్షలే ఆ చుక్కలు. అక్టోబరు 31న, హాలోవీన్ రాత్రి, ఇంటిల్లిపాదీ కూర్చొని కోసుకుంటారు. వెనకటి రోజుల్లో ఉంగరంతో పాటు ఒక నాణెం, గుడ్డపేలిక, బఠాణీ గింజ, పుల్ల కూడా పిండిలో దాచేవారు. నాణెం వచ్చిన వారికి ఆ ఏడు డబ్బు, పేలిక వచ్చిన వారికి లేమి, బఠాణీ వచ్చిన వారికి ఆ సంవత్సరం పెళ్ళి లేదు, పుల్ల వచ్చిన వారికి కాపురంలో కీచులాటలు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే రొట్టెల్లో ఉంగరం ఒక్కటే మిగిలింది. ఇదంతా చెప్పాక ఆ పాప ఊరట పడి ఉంగరాన్ని పెన్సిల్ డబ్బాలో భద్రపరచుకుంది.

ఈ ఉత్తరం రాయాలని నాకు ఆ అరగంటలోనే అనిపించింది. ఈ నెలాఖరున పిల్లలకు వారం రోజుల సెలవులు. ఆ వారానికి ఈసారి పద్యాలు, చూచిరాతలు ఇవ్వడం లేదు. రెండు పనులు ఇస్తున్నాం. ఒకటి, ఒక రొట్టెనో పిండివంటనో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకొని, ఇంట్లో చేసి, ఆ చేసిన తీరు తెలుగులో రాయడం. రెండోది, గడపో కిటికీయో అలమరో ఇంట్లో ఏదో ఒక చోటును చేత్తో అలంకరించి, అలా ఎందుకు చేస్తారో రాయడం. ఐరిష్ పద్ధతిలో ఒకటి, మన పద్ధతిలో ఒకటి చేస్తే మరీ సంతోషం.

ఈ ఆలోచనకు మూలం ఈ దేశపు బడులే. 1937లో ఐరిష్ జానపద సంఘం వారు ప్రాథమిక పాఠశాలలతో కలిసి ఒక పని తలపెట్టారు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు వారానికోసారి రాసే వ్యాసానికి బదులు, ఇంటికి వెళ్ళి తాతలను, నాయనమ్మలను, ఇరుగుపొరుగును అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకు రావాలి. రెండేళ్ళలో 26 కౌంటీల (జిల్లాల) నుంచి, దాదాపు 5,000 బడుల నుంచి, సుమారు 50,000 మంది పిల్లలు అందులో పాల్గొన్నారు. పిల్లల పుస్తకాలూ, వాటిలోంచి ఉపాధ్యాయులు ఏరి రాసిన ప్రతులూ కలిపితే దాదాపు 7,40,000 పుటలు. ఇవాళ అవన్నీ డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జాతీయ జానపద సంగ్రహంలో ఉన్నాయి. ఆ జానపద సంఘం సేకరణకు 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చోటు దక్కింది. బడుల సేకరణను దూఖస్ అనే వెబ్‌సైటులో ఎవరైనా చదవవచ్చు.

పిల్లలు అడగవలసిన అంశాల్లో 'రొట్టె' ఒకటి. ఓట్స్ పిండి రొట్టెలు, బంగాళాదుంపను కోరి, నీరు పిండేసి చేసే బాక్స్‌టీ, పెనం మీద కాల్చే రొట్టెలు, ఇలా ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది వాటిలో కనిపిస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసుకున్నది ఇప్పుడు ఒక దేశం దాచుకున్న ఆస్తి. మన పిల్లల పుస్తకాలను కూడా నేను ఆ గౌరవంతోనే చూస్తాను.

నేను ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలంలో మా పక్కింట్లో మేయో ప్రాంతపు పెద్దావిడ ఉండేవారు. సోడా బ్రెడ్ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వంటింట్లో కాటా లేదు. పిండి "చేతి నిండా", ఉప్పు "వేళ్ళ కొసలతో", మజ్జిగ "అది అడిగినంత". గిన్నెలో పిండి మధ్య గుంట చేసి మజ్జిగ పోసి, అయిదు వేళ్ళూ విడదీసి బిగపట్టి, ఒకే వైపుకు గుండ్రంగా తిప్పేవారు. పట్టుమని పది చుట్లు కూడా ఉండవు. అలవాటు కొద్దీ చపాతీ పిండిలా మర్దించబోతే నా మణికట్టు పట్టుకొని ఆపారు. మజ్జిగలోని పులుపు తగిలిన క్షణం నుంచి సోడా పొంగడం మొదలుపెడుతుంది. మనం పిసుకుతూ కూర్చుంటే ఆ పొంగు గిన్నెలోనే అయిపోతుంది, రొట్టె రాయిలా తేలుతుంది. కలిపిన పిండిని మెత్తగా గుండ్రంగా సర్ది, పైన కత్తితో లోతుగా శిలువ గీత గీసి, నాలుగు మూలలా కత్తి మొనతో ఒక్కొక్క పోటు పొడిచారు. లోపలున్న ఫెయిరీలు బయటికి పోవడానికట. ఆ గీత వల్ల నడిమి భాగానికి కూడా వేడి చేరుతుందని తర్వాత తెలిసింది. ఆవిడను అడిగితే రెండూ నిజమే అన్నారు.

కాలిన రొట్టెను తిరగేసి అడుగున వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. మనం పుచ్చకాయ మీద తట్టి చూస్తామే, సరిగ్గా అలాగే. బోలుగా మోగితే ఉడికినట్టు. వెంటనే నూలుగుడ్డలో చుట్టి పెడితే పైపెచ్చు మెత్తబడుతుంది.

ఆవిడ చిన్నతనంలో వాళ్ళ ఇంట్లో ఓవెన్ లేదు. బాస్టిబుల్ అని బరువైన ఇనప పాత్ర ఉండేది. దాన్ని పీటు (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టి ఇంధనం) నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పు కణికలు పేర్చి రొట్టె కాల్చేవారు. ఈ మాట వినగానే నాకు మా అమ్మమ్మ దిబ్బరొట్టె కళ్ళ ముందు కదిలింది. మందపాటి గిన్నెలో మినప్పిండి పోసి, మూత మీద నిప్పులు వేసి కాల్చేది ఆవిడ. రెండు వంటిళ్ళ మధ్య ఎన్ని సముద్రాలున్నా నిప్పును పైనా కిందా పెట్టాలన్న తెలివి రెండింటికీ ఉంది.

ఈ సోడా రొట్టె మరీ పాతది కాదు. తినేసోడా ఐర్లండ్ ఇళ్ళలోకి వచ్చింది 1830ల తర్వాతే. ఈ తడి నేలలో పండే మెత్తరకం గోధుమకు ఈస్ట్‌తో పొంగే బిగువు తక్కువ, సోడాతో మాత్రం చక్కగా కుదిరింది. వెన్న తీసిన మజ్జిగ ప్రతి రైతు ఇంట్లో ఉండేది. పేదింట్లో ఉన్నవాటితో పుట్టింది కనుకనే ఇంత సులువు.

మీ ఇంట్లో చేయడానికి కొలతలు: మామూలు గోధుమ పిండి 450 గ్రాములు, ఉప్పు ఒక టీ చెంచా, సోడా అంచుకు సమంగా ఒక టీ చెంచా, మజ్జిగ 350 నుంచి 400 మిల్లీలీటర్లు. ఓవెన్‌ను ముందే 230 డిగ్రీలకు వేడిచేసి, పదిహేను నిమిషాలు కాల్చి, తర్వాత 200కు తగ్గించి మరో అరగంట. ఇక్కడి దుకాణాల్లో 'బ్రెడ్ సోడా' అని అడగండి. బేకింగ్ పౌడర్ వేరు, అది కొనకండి. మజ్జిగ కొనవలసిన పని కూడా లేదు. ఫ్రిజ్‌లో పులిసిపోయిన పెరుగును చిక్కగా చిలికితే ఇంతకన్నా మంచి సరుకు ఉండదు. ఈ రొట్టెలో గుడ్డు లేదు, కనుక శాకాహారులు నిశ్చింతగా చేసుకోవచ్చు. బార్మ్‌బ్రాక్‌లో సాధారణంగా గుడ్డు వేస్తారు. పండ్లను కొందరు విస్కీలో నానబెడతారు గానీ, రాత్రంతా చల్లారిన చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టే పద్ధతీ పాతదే, మన పిల్లలకు అదే తగినది. ఉంగరం పెట్టేటట్లయితే కాగితంలో చుట్టి పెట్టండి, చిన్నపిల్లల ముక్కలు మీరే చూసి ఇవ్వండి.

ఇక రాయడం గురించి. నిరుడు ఇలాంటి పని ఇచ్చినప్పుడు కొన్ని పుస్తకాల్లో ఫోనులో వెతికి ఎత్తిరాసిన వంటలు వచ్చాయి. గ్రాములు, నిమిషాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి, మనిషి జాడ మాత్రం లేదు. ఒక్క పుస్తకం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాలుగో తరగతి అబ్బాయి తెనాలిలో ఉన్న నాయనమ్మకు వీడియో కాల్ చేసి అరిసెల గురించి అడిగాడు. "పాకం ఎంతసేపు కాచాలి?" అని వాడు, "నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి" అని ఆవిడ. "ఎన్ని నిమిషాలు?" అని వాడు మళ్ళీ, "ఉండ కట్టేదాకా" అని ఆవిడ. ఆ మాటలన్నీ ఉన్నదున్నట్టు రాసుకొచ్చాడు. పుట చివర కొత్త మాటలు అని ఒక వరుస: చిటికెడు, గుప్పెడు, దోసెడు, సోలెడు, ఉండపాకం, పదును. మేము రెండేళ్ళు పాఠాలు చెప్పినా ఆ ఆరు మాటలు వాడి నోట పలికించలేకపోయాం. నాయనమ్మ ఒక్క ఫోనులో నేర్పింది. అందుకే బతిమాలుతున్నాను, మధ్యలో మీరు అందుకొని ఇంగ్లీషులోకి మార్చి చెప్పకండి. అర్థం కాకపోతే వాడు మళ్ళీ అడుగుతాడు. ఆ మళ్ళీ అడగడమే మాకు కావాలి.

అలంకరణ విషయానికి వస్తే, పిల్లలు ఎక్కువగా చూసేది దుకాణపు ప్లాస్టిక్ సాలెగూళ్ళు, గబ్బిలాలు. అసలు పద్ధతి వేరు. గుమ్మడికాయ దీపం అమెరికాకు వలసపోయిన వాళ్ళు అక్కడ నేర్చిన అలవాటు. ఇక్కడ మొదట చెక్కింది టర్నిప్, అంటే పసుప్పచ్చ కండ ఉండే పెద్ద దుంప. మేయోలోని కాజిల్‌బార్ దగ్గర జాతీయ సంగ్రహాలయంలో అలాంటి పాత దీపం అచ్చు ఒకటి ఉంది. ముడతలు పడిన ఆ ముఖం చూస్తే పెద్దవాళ్ళకే జడుపు పుడుతుంది. దుంప రాయిలా ఉంటుంది కనుక కత్తి పని మీది, చెంచాతో లోపల గీకే పని పిల్లలది. దీపావళి కూడా ఈ రోజుల్లోనే కదా, ప్రమిదల పక్కన ఆ దుంప దీపాన్ని కూడా గుమ్మంలో పెట్టండి.

పల్లెటూరి ఐరిష్ ఇళ్ళలో ఏడాదికోసారి సున్నం వేయడం పెద్ద పని. వంతుల వారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన జరిపే ఆచారం ఉంది. తమ వంతు వచ్చిన ఏడు గోడలకు సున్నం, తలుపులకు రంగు, లోపల కొత్త వాల్‌పేపర్, అన్నీ ఆ పూట కోసమే. పెళ్ళి కుదిరిన ఇంటికి మన ఊళ్ళలో సున్నం పడ్డట్టే. వంటింట్లో డ్రెసర్ అనే నిలువు అలమర ఉంటుంది. నీలి బొమ్మల పింగాణీ పళ్ళేలు అందులో వరుసగా నిలబెడతారు. మన ఇళ్ళలో తోమిన ఇత్తడి బిందెలు, చెంబులు వరుసగా పేర్చినట్టు. మనలో చాలామందివి అద్దె ఇళ్ళు, గోడల జోలికి పోవద్దు. అలమరలో ఒక్క అర చాలు. మీ పెళ్ళినాటి ఇత్తడి గ్లాసు, ఇక్కడి పాత వస్తువుల దుకాణంలో కొన్న పింగాణీ సాసరు పక్కపక్కన పెట్టించండి. వాటి కథ పిల్లలు రాస్తారు.

డిసెంబరుకు ఇప్పుడే ఒక మాట. క్రిస్మస్ ముందు రాత్రి ఇక్కడ కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తారు. వెలిగించేది ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు. చోటు దొరకక తిరుగుతున్న ఏసు తల్లిదండ్రులు మేరీ, జోసెఫ్‌లకు ఈ ఇంట్లో చోటుందని చెప్పడం దాని భావం. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్, దేశం విడిచి వెళ్ళిన ఐరిష్ వాళ్ళందరి కోసం డబ్లిన్ ఫీనిక్స్ పార్కులోని అధికార నివాసంలో వంటింటి కిటికీలో ఒక దీపం పెట్టించారు. ఇల్లు వదిలి దూరం వచ్చిన మనకు ఆ దీపం సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పార్కుకు వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ భవనం చూపించండి.

ఫిబ్రవరి 1న, బ్రిజిడ్ అనే ఐరిష్ పునీతురాలి పండుగకు తుంగ వంటి గడ్డితో నాలుగు చేతుల శిలువ అల్లి గుమ్మం పైన కట్టడం బడిలోనే నేర్పుతాం. గడ్డిని కోయకూడదు, చేత్తో పెరకాలని నియమం. 2023 నుంచి ఆ పండుగకు ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు కాబట్టి తీరిగ్గా కూర్చొని అల్లవచ్చు.

సెలవుల తర్వాతి ఆదివారం పిల్లలు గీతల నోటుపుస్తకం తేవాలి. వంట ఎవరు చెప్పారు, వాళ్ళది ఏ ఊరు, వాళ్ళకు ఎవరు నేర్పారు అన్న మూడు సంగతులు మొదటి పుటలో ఉండాలి. అచ్చుతప్పులు మీరు దిద్దవద్దు. కొవ్వొత్తుల దగ్గర, ఓవెన్ దగ్గర పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. బడికి ఏదైనా చేసి తెచ్చేటట్లయితే అందులో గుడ్డు, గింజపప్పులు ఉన్నాయో లేదో చీటీ రాసి డబ్బాకు అంటించండి. మూడో తరగతిలో ఇద్దరికి వేరుశనగ పడదు. వచ్చిన పుస్తకాలను మేము వరుసగా అమర్చి గ్రంథాలయపు బీరువాలో పెడతాం, తాళం వేయం.

నమస్కారాలతో,
ప్రధానోపాధ్యాయురాలు