తుడవడమేనా పని అన్నావు కదా

బంగారూ,

నువ్వు పెట్టిన పొడుగాటి మెసేజ్ చదివాను. టెలిస్కోప్ పని అని చేరితే రోజంతా గుడ్డముక్కతో తుడవడం, తుడిచినట్టు సంతకం పెట్టడం, క్లీనింగ్ సీసా ఒకటి మార్చాలన్నా ఇద్దరి అనుమతి తీసుకోవడం, దీనికోసమా ఇంత చదివింది అని కదా నీ బాధ. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరేలే నాన్నా" అంటావు, అందుకే రాస్తున్నా.

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ కట్టేటప్పుడు థ్రస్టర్ల (దాన్ని అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజిన్ల) వాల్వులను వాడకూడని సాల్వెంట్‌తో, అంటే శుభ్రం చేసే ద్రవంతో, కడిగారు, అవి దెబ్బతిన్నాయి. వాల్వులు తయారుచేసిన వాళ్లని ముందు ఒక్క మాట అడిగుంటే పోయేది. 2018లో రాకెట్ మోతను తట్టుకుంటుందా అని చూసే పరీక్షలో సన్‌షీల్డ్ (ఎండ తగలకుండా కాపాడే తెర) కవర్ల నుంచి స్క్రూలు, వాషర్లు ఊడిపడ్డాయి. వెంట్రుక కన్నా సన్నని ఐదు పొరలు, విప్పితే ఒక్కోటి టెన్నిస్ కోర్టంత, వాటి మడతల మధ్య ఊడిన వాషర్ ఎక్కడ చిక్కుకుందో వెతకమంటే ఎలా ఉంటుందో నాకన్నా నీకే తెలుస్తుంది! ఇలాంటి పొరపాట్ల వల్ల ఏడాదిన్నర ఆలస్యం, దాదాపు 60 కోట్ల డాలర్లు అదనపు ఖర్చు అని స్వతంత్ర సమీక్షా బోర్డు తేల్చింది.

అంతకుముందు పంపిన హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌ది ఇంకా బాధ కలిగించే కథ. అద్దాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్స్ ఉండాల్సిన చోటుకి 1.3 మిల్లీమీటర్ల తేడాలో బిగించారు, దాంతో అద్దం అంచు 2.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఎక్కువ అరిగింది. వేరే మామూలు పరికరంతో చేసిన పరీక్షలు తేడా ఉందని చెప్పాయి కూడా, కానీ మంచి పరికరం తప్పు చెప్పదులే అని వాటిని పక్కన పెట్టేశారు. నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. 1990లో పైకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. అది భూమికి దగ్గర్లోనే తిరుగుతోంది కాబట్టి 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేశారు. వెబ్ ఉండేది 15 లక్షల కిలోమీటర్ల అవతల, పైగా 6.5 మీటర్ల అద్దం రాకెట్ ముక్కులో పట్టక మడిచి పంపారు, ఒక్కటి మొరాయించినా మొత్తం మునిగిపోయే చోట్లు 344 ఉన్నాయట, వాటిలో ఎక్కువ భాగం విచ్చుకోవడానికి సంబంధించినవే.

అందుకే 2021 నవంబర్‌లో, వెబ్‌ను ఓడలో పనామా కాలువ దాటించి, రాకెట్ ఎగరాల్సిన ఫ్రెంచ్ గయానా చేర్చాక, దాన్ని రాకెట్ అడాప్టర్‌కి బిగించే క్లాంప్ బ్యాండ్ అనే పట్టీ ఉన్నట్టుండి ఊడి టెలిస్కోప్ మొత్తం అదిరితే, ఏం కాలేదులే అనుకోకుండా మళ్లీ పరీక్షలు చేసి తేదీ వెనక్కి జరిపారు. తర్వాత కేబుల్ గొడవ, ఆ తర్వాత వాతావరణం, చివరికి డిసెంబర్ 25న ఎగిరింది. ఇన్నిసార్లు వాయిదానా అని ఎగతాళి చేసిన వాళ్లను చూస్తే నాకు చిరాకు. ఎగరడానికి కొద్ది వారాల ముందు కూడా ఆగుదాం అనడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్లకేం తెలుసు.

సరే, వచ్చే వారం మీ వైబ్రేషన్ టెస్ట్ అన్నావు. ఆ రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, టెన్షన్‌తో నాకెలాగూ నిద్ర పట్టదు. ఏదైనా ఊడితే మాత్రం ముందు మీ లీడ్‌కి చెప్పు, తర్వాతే నాకు.

నాన్న